ఎప్సిలాన్ ముందు, డెల్టా తర్వాత

చిన్నీ,

నీ రియల్ అనాలిసిస్ ఇంటర్నల్ పేపర్ ఫోటోలు చూశాను. 20కి 7 వచ్చాయని దిగులు పడకు. లెక్క నీకు వచ్చు, రాసిన వరసే తిరగబడింది. ఇంటర్‌లో లిమిట్ విలువ కనుక్కోమనేవాళ్లు, ఫార్ములా గుర్తుంటే గట్టెక్కేదానివి. రియల్ అనాలిసిస్‌లో విలువ ముందే చేతికిచ్చి, అదే లిమిట్ అని నిరూపించమంటారు. అడిగేదే మారినప్పుడు చదివే తీరు కూడా మారాలి కదా.

డెఫినిషన్‌తో మొదలుపెట్టు. ఒక సీక్వెన్స్, అంటే వరసగా సాగే సంఖ్యలు, ఎల్ అనే సంఖ్యకి కన్వర్జ్ అవుతుందంటే (ఎల్ దాని లిమిట్ అంటే): ఎప్సిలాన్ అనే పాజిటివ్ సంఖ్య ఎంత చిన్నది ఇచ్చినా, దానికి తగిన కె అనే స్థానం ఒకటి దొరకాలి. ఆ కె దాటాక వచ్చే ప్రతి పదమూ ఎల్‌కి ఎప్సిలాన్ కన్నా తక్కువ దూరంలో ఉండాలి. పేకాటలో అవతలివాడు ముక్క పడేశాకే నీ వంతు వచ్చినట్టు, ఎప్సిలాన్ పడ్డాకే నువ్వు కె వేస్తావు. ఈ వరస తారుమారు చేసి, ఒకే కె అన్ని ఎప్సిలాన్‌లకూ సరిపోవాలన్నావనుకో, కె తర్వాత పదాలన్నీ అచ్చంగా ఎల్ అయి తీరాలి. అప్పుడు పాపం 1/ఎన్ కూడా సున్నాకి కన్వర్జ్ కాదు!

ఇక నీ రెండో జవాబు. (3ఎన్+1)/(ఎన్+2) లిమిట్ 3 అని చూపాలి. "తేడా ఎప్సిలాన్ కన్నా తక్కువ అనుకుందాం" అని మొదలుపెట్టి, ఎన్ ఎంత ఉండాలో తేల్చి ఆపేశావు. నిరూపించాల్సినదాన్నే ముందు అనుకున్నావన్నమాట. అది రఫ్ వర్క్. రఫ్‌లో అలా వెనక నుంచి రావాల్సిందే, కానీ ఫెయిర్‌లో ముందు నుంచి నడవాలి. తేడా మాడ్యులస్ 5/(ఎన్+2), అది 5/ఎన్ కన్నా తక్కువ. ఇంతవరకూ రఫ్. ఫెయిర్‌లో: "ఎప్సిలాన్ ఏదైనా పాజిటివ్ సంఖ్య అనుకుందాం. 5/ఎప్సిలాన్ కన్నా పెద్దదైన కె తీసుకుందాం. ఎన్ ఆ కె కన్నా పెద్దదైతే, తేడా 5/ఎన్ కన్నా తక్కువ, అది 5/కె కన్నా తక్కువ, అది ఎప్సిలాన్ కన్నా తక్కువ." అయిపోయింది. ఎప్సిలాన్ 0.01 అయితే కె 500 కన్నా పెద్దదవుతుంది. నిజానికి 498తోనే పని జరుగుతుంది, కానీ అన్నిటికన్నా చిన్న కె ఎవరూ అడగలేదు. హారంలో 2 వదిలేసి లెక్క తేలిక చేసుకోవడమే ఇక్కడి ఒడుపు. చాలామంది ఇనీక్వాలిటీని కచ్చితంగా సాల్వ్ చేయబోయి అరగంట పోగొట్టుకుంటారు.

నాలుగో ప్రశ్నలో తప్పు ఇంకా లోతైనది. ఎక్స్ స్క్వేర్ 2 దగ్గర కంటిన్యువస్ అని చూపాలి. అంటే ఎప్సిలాన్ ఇచ్చాక డెల్టా అనే పాజిటివ్ సంఖ్య నువ్వు వేయాలి, ఎక్స్ 2కి డెల్టా లోపు దూరంలో ఉంటే ఎక్స్ స్క్వేర్ 4కి ఎప్సిలాన్ లోపు దూరంలో ఉండాలి. నువ్వు డెల్టాగా ఎప్సిలాన్/(ఎక్స్+2) రాశావు. డెల్టా వేసేనాటికి ఎక్స్ ఇంకా రానేలేదు! ఎప్సిలాన్, ఆ తర్వాత డెల్టా, అన్నిటికన్నా చివర ఎక్స్. అందుకే ఎక్స్+2ను ముందు కట్టడి చేయాలి. డెల్టా 1కి మించకుండా చూసుకుంటే ఎక్స్ 1కీ 3కీ మధ్యే ఉంటుంది, ఎక్స్+2 ఐదుకి లోపు. కాబట్టి 1, ఎప్సిలాన్/5 ఈ రెంటిలో చిన్నది డెల్టా.

ఇదే లెక్క 100 దగ్గర చెయ్యి. 5 స్థానంలో 201 వస్తుంది. పాయింట్ దూరం పోయేకొద్దీ డెల్టా కుంచించుకుపోతోంది. అన్ని పాయింట్లకూ పనికొచ్చే ఒకే డెల్టా ఉంటే అది యూనిఫామ్ కంటిన్యుయిటీ, మొత్తం రియల్ లైన్ మీద ఎక్స్ స్క్వేర్‌కి అది లేదు. ఎన్, ఎన్+1/ఎన్ తీసుకో. వాటి మధ్య దూరం సున్నాకి పోతుంది, వాటి స్క్వేర్‌ల తేడా మాత్రం ఎప్పుడూ 2 కన్నా ఎక్కువే.

ఈ వరస దగ్గర పెద్దవాళ్లే తడబడ్డారు. కంటిన్యువస్ ఫంక్షన్ల సిరీస్ కన్వర్జ్ అయితే మొత్తమూ కంటిన్యువసే అని ఫ్రెంచ్ గణితవేత్త కోషీ 1821లో రాశాడు. 1826లో నార్వే గణితవేత్త ఏబెల్ ఒక సైన్ సిరీస్ చూపించి దానికి మినహాయింపులున్నాయన్నాడు. కె ఎంపిక ఎక్స్ మీద ఆధారపడుతుందా లేదా అన్నదే అసలు సంగతి. మీ సిలబస్‌లో యూనిఫామ్ కన్వర్జెన్స్ (ఒకే కె అన్ని ఎక్స్‌లకూ సరిపోవడం) వచ్చినప్పుడు 0 నుంచి 1 వరకు ఎక్స్ పవర్ ఎన్ గీసి చూడు, కథ అంతా అందులోనే ఉంది.

కంప్లీట్‌నెస్ (రియల్ లైన్ మీద ఎక్కడా ఖాళీలు లేవన్న గుణం) చాప్టర్‌ని గైడ్‌లో ముఖ్యం కాదన్నారని వదిలేయకు. రేషనల్ సంఖ్యలే ఉన్నాయనుకుంటే, ఎక్స్ స్క్వేర్ మైనస్ 2 అనే ఫంక్షన్ 1 దగ్గర నెగటివ్, 2 దగ్గర పాజిటివ్, మధ్యలో ఎక్కడా సున్నా కాదు. నెగటివ్ నుంచి పాజిటివ్‌కి పోయేటప్పుడు మధ్యలో సున్నా వచ్చి తీరాలంటే కంటిన్యుయిటీ ఒక్కటే చాలదని దీంతో తేలుతుంది. 5/ఎప్సిలాన్ కన్నా పెద్ద కె దొరుకుతుందని ధీమాగా రాస్తాం కదా, రియల్ సంఖ్యల్లో అదీ కంప్లీట్‌నెస్ నుంచే రాబడతారు.

థీరమ్ చదివేటప్పుడు షరతులు ఒక్కొక్కటే తీసేసి ఎక్కడ కూలుతుందో చూడు. క్లోజ్డ్ (రెండు చివరలూ కలిసిన), బౌండెడ్ (అనంతం దాకా పోని) ఇంటర్వల్ మీద కంటిన్యువస్ ఫంక్షన్ గరిష్ఠ విలువను అందుకుంటుంది. క్లోజ్డ్ తీసేస్తే సున్నా లేని (0, 1] మీద 1/ఎక్స్ అడ్డొస్తుంది. బౌండెడ్ తీసేస్తే ఎక్స్ ఒక్కటే చాలు. ఇలాంటివాటికి ఒక నోట్సు విడిగా పెట్టుకో, పరీక్ష ముందు రోజు ప్రూఫ్‌ల కన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది. ప్రూఫ్ బట్టీ పట్టకు. ఒకసారి చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయి. ఎక్కడ ఆగిపోయావో ఆ లైన్ మాత్రం తెరిచి చూడు.

నెగేషన్, అంటే ఒక మాటకి సరైన వ్యతిరేకం, రాయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. ఎల్‌కి కన్వర్జ్ కాదంటే: ఏదో ఒక ఎప్సిలాన్ ఉంది, ఏ కె వేసినా దాని తర్వాత కనీసం ఒక పదం ఎల్‌కి ఎప్సిలాన్ అంత దూరంలోనో, అంతకు మించో ఉంటుంది. 1, మైనస్ 1, 1, మైనస్ 1 అనే సీక్వెన్స్‌కి ఎప్సిలాన్ 1 తీసుకుంటే చాలు. రెండింటి మధ్య దూరం 2 కాబట్టి, ఏ ఎల్ చెప్పినా వాటిలో ఒకటి కనీసం 1 దూరంలో ఉంటుంది.

యూనిఫామ్ కంటిన్యుయిటీకి నెగేషన్ నువ్వే రాసి, ఆదివారంలోగా ఫోటో పంపు. మాటల్లోనే రాయి, గుర్తులు వద్దు. మెస్‌లో వేళకి తిను.

నాన్న