మా దశాబ్దపు ఛానెళ్లను ఒకటిగా కలపడం గురించి చందాదారులకు

విజయవాడ గవర్నర్‌పేటలోని మా చిన్న కార్యాలయం నుంచి ఇంటర్నెట్ రేడియోగా నడుస్తున్న మూడు ఛానెళ్లు, అంటే 1960లు, 1970లు, 1980ల తెలుగు సినిమా పాటలకు విడివిడిగా కేటాయించినవి, ఈ మార్చి 31తో ఆగిపోతున్నాయి. ఏప్రిల్ 1 నుంచి ఆ పాటలన్నీ ఒకే ఛానెల్‌లో ప్రసారమవుతాయి. ఈ నిర్ణయం వెనుక ఉన్న కారణాలను ఉన్నవి ఉన్నట్లుగా చెప్పవలసిన బాధ్యత మాకు ఉంది.

మొదటిది హక్కుల ఖర్చు. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 31డి సెక్షన్ ప్రకారం ఎఫ్ఎం కేంద్రాలు నిర్ణీత రుసుము చెల్లించి, ప్రతి కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడకుండానే పాటలు ప్రసారం చేసుకోవచ్చు. ఈ సౌకర్యం ఇంటర్నెట్ ప్రసారాలకు వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పగా, 2022లో డివిజన్ బెంచ్ దానినే సమర్థించింది. అందువల్ల మావంటి వారు ఒక్కొక్క హక్కుదారుతో విడిగా ఒప్పందం చేసుకోవలసి వస్తున్నది. గ్రామఫోన్ రికార్డుల కాలపు పాటల్లో అధిక భాగం, నేడు సారేగమగా పిలవబడుతున్న ఒకే పాత సంస్థ చేతిలో ఉన్నాయి. క్యాసెట్లు వచ్చిన తరువాత 1980ల పాటల హక్కులు అనేక కంపెనీల మధ్య చీలిపోయాయి. ఒక్క ఒప్పందం ఆగినా, ఒకే దశాబ్దానికి పరిమితమైన ఛానెల్‌లో పెద్ద ఖాళీ ఏర్పడి, మిగిలిన పాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. గత సంవత్సరం మీలో పలువురు ఫిర్యాదు చేసినది దీని గురించే, ఆ ఫిర్యాదు న్యాయమైనది.

అరవై ఏళ్లు దాటిన పాటలకు హక్కులు ఉండవు కదా అని కొందరు అడిగారు. రికార్డింగుకు మాత్రమే ఆ లెక్క వర్తిస్తుంది. సాహిత్యానికీ బాణీకీ, రాసినవారు, స్వరపరచినవారు మరణించిన తరువాత మరో అరవై సంవత్సరాల పాటు రక్షణ ఉంటుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు కనుక, ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి వరకు రక్షణ కొనసాగుతుంది.

రెండవ కారణం చెప్పడం మాకు కష్టంగా ఉంది. 1965లో ఇరవై ఏళ్ల యువకులుగా ఆ పాటలు విన్నవారు ఇప్పుడు ఎనభై దాటారు. మా 1960ల ఛానెల్‌కు చందా కట్టేవారు చాలావరకు పిల్లలు, వినేవారు వారి తల్లిదండ్రులు. తల్లిగాని తండ్రిగాని వెళ్లిపోయిన ఇంటి నుంచి చందా పునరుద్ధరించమని మేము అడగలేము, అడగలేదు కూడా. దశాబ్దపు రేడియోలు బాగా వేళ్లూనుకున్న అమెరికాలోనూ ఇదే జరిగింది. న్యూయార్క్‌లోని డబ్ల్యూసీబీఎస్-ఎఫ్ఎం 1972 నుంచి పాత పాటల కేంద్రంగా పేరు పొంది, 2005లో ఆ పద్ధతిని ఒక్కసారిగా వదిలివేసి, శ్రోతల నిరసన తరువాత 2007లో తిరిగి వచ్చింది. అయితే 1950ల పాటలను దాదాపు పక్కన పెట్టి, క్రమంగా 1980ల వైపు జరిగింది. ప్రకటనదారులు ప్రధానంగా 25 నుంచి 54 ఏళ్ల లోపు శ్రోతలనే కోరుకోవడం అక్కడి కారణం. మాకు ప్రకటనలు లేకపోయినా, వయసు లెక్క మాత్రం తప్పలేదు.

ఒకే దశాబ్దాన్ని గంటల తరబడి వినడంలో ఒక ప్రత్యేకమైన ప్రయోజనం ఉందని మేము నేటికీ గట్టిగా నమ్ముతున్నాము. సంగీత దర్శకులు పెండ్యాల, సాలూరి రాజేశ్వరరావు, మాస్టర్ వేణు, కె.వి. మహదేవన్‌ల పాటలు వరుసగా వచ్చినప్పుడు, మద్రాసు స్టూడియోలలో వాద్యబృందమూ గాయకులూ కలిసి ఒకే ఊపులో పాడి ముగించిన ఆ కాలపు పనితనం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఎవరూ అడగని పాట కూడా ఆ వరుసలో వినబడుతుంది. ఫోనులో కావలసిన పాటను పేరుతో వెతుక్కునే అలవాటు పెరిగాక ఇటువంటి పాటలే ముందుగా మరుగున పడుతున్నాయి, మా అసలు బాధ అదే.

అయినా, మన రేడియో సంప్రదాయం ఎన్నడూ దశాబ్దాల ప్రకారం నడవలేదు. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం గాని, 1957 నాటి వివిధభారతి గాని, పాత కొత్తలను కలిపే వినిపించాయి. కళాకారులు కూడా దశాబ్దాల గీతలకు లొంగరు. 1966లో తొలిపాట పాడిన బాలసుబ్రహ్మణ్యాన్ని 1960ల ఛానెల్‌లో ఎంతసేపు వినిపించగలము? కలిపిన ఛానెల్‌లో సుశీల గారి గొంతు మూడు దశాబ్దాలలో ఎలా మారిందో ఒకే పూటలో వినవచ్చు.

ప్రతిరోజూ ఉదయం 6 నుంచి 8 వరకు 1960ల పాటలు మాత్రమే ఉంటాయి, వాటిలో తక్కువగా వినబడే పాటలకు తప్పనిసరిగా చోటు ఉంటుంది. రాత్రి 9 నుంచి 10 వరకు 1980ల పాటలు వస్తాయి. చందా ధర మారదు. కొనసాగడం ఇష్టం లేనివారికి మిగిలిన నెలల సొమ్మును ఏప్రిల్ 15 లోపు పూర్తిగా తిరిగి చెల్లిస్తాము, కారణం చెప్పనవసరం లేదు. మా పాటలు వినిపించే వన్‌టౌన్ మిఠాయి దుకాణాలు, టిఫిన్ హోటళ్ల యజమానులు, పాత ఛానెళ్లు ఆగేలోపు పాత లింకును మార్చుకోవాలి. విజయవాడ, గుంటూరు పట్టణాలలో ఇంట్లో పెద్దవారు ఒంటరిగా ఉండి, ఫోనులో మార్పు చేసుకోలేని పక్షంలో, మాకు తెలియజేస్తే మా సిబ్బంది ఇంటికి వచ్చి ఉచితంగా సరిచేసి వెళతారు.