కార్బన్ బ్రష్ దొరకక యంత్రాన్నే పారేయాలా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పాడైన గృహోపకరణాలు బాగుచేసే దిక్కులేక పాత సామాన్ల కొట్లకు చేరుతున్నాయంటూ ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. తెనాలిలో ముప్పై ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ చుడుతున్న పనివాడిగా, ఆ కథనంలో ప్రస్తావనకు రాని ఒక చిన్న వస్తువు గురించి మీ పాఠకులకూ, మీ ద్వారా ప్రభుత్వానికీ చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ వస్తువు వాక్యూమ్ క్లీనర్ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్క, కార్బన్ బ్రష్.

పోయిన నెలలో ఒక ఉపాధ్యాయురాలు ఆరేళ్లనాటి వాక్యూమ్ క్లీనర్‌ను ఆటోలో పెట్టుకుని మా షాపుకు తెచ్చారు. వాళ్ల అబ్బాయికి ఉబ్బసం ఉండటంతో, చీపురుతో లేచే దుమ్ము పడదని కొన్న యంత్రమది. సర్వీసు సెంటరులో మోటారు మొత్తం మార్చాలన్నారట. చెప్పిన ధర కొత్త యంత్రం ధరలో సగానికి పైనే ఉంది. విప్పి చూస్తే ఆర్మేచర్ (తిరిగే భాగం) చెక్కుచెదరలేదు, ఫీల్డ్ కాయిల్ (దాని చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్ట) రంగు మారలేదు, బేరింగులు వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. బ్రష్‌లు మాత్రం అర సెంటీమీటరు కూడా మిగల్లేదు. ఒకవైపు బ్రష్‌ను నొక్కి ఉంచే స్ప్రింగు కొస, బ్రష్ ఆనుకునే కమ్యుటేటరు అనే రాగి పలకల చుట్టుకు తగిలి, ఆ పలకల మీద సన్నని గీత పెట్టింది. ఇంకొన్ని గంటలు అలాగే నడిపి ఉంటే ఆ గీత గాడిగా మారి ఆర్మేచర్ నిజంగానే పనికిరాకుండా పోయేది. అరచేతిలో పెట్టుకుంటే బరువు కూడా తెలియని రెండు బొగ్గు ముక్కలు దొరకక, మంచి మోటారును పారేయమని ఆమెకు సలహా ఇచ్చారన్నమాట.

వాక్యూమ్ క్లీనరుకు బ్రష్‌లున్న ఇలాంటి మోటారే ఎందుకు పెడతారో కొంచెం వివరిస్తాను. గాలిని బలంగా పీల్చాలంటే ఫ్యాను చాలా వేగంగా తిరగాలి. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు మీద నేరుగా నడిచే ఇండక్షన్ మోటారు నిమిషానికి 3,000 చుట్లు దాటలేదు. మిక్సీలో, డ్రిల్లింగ్ మిషన్‌లో ఉండే బ్రష్‌లతో నడిచే యూనివర్సల్ మోటారుకు ఆ హద్దు లేదు. వాక్యూమ్ క్లీనరులో అది నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరుగుతుంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారుచేసిన యంత్రాన్ని గుర్రబ్బండి మీద వీధిలో నిలిపి, కిటికీల గుండా ఇళ్లలోకి గొట్టాలు వేయాల్సి వచ్చేది. అమెరికాలోని క్యాంటన్ ఊళ్లో ఊడ్చే పని చేసుకుంటూ, ఆ దుమ్ముతో ఉబ్బసం పెరిగి బాధపడిన జేమ్స్ మర్రీ స్పాంగ్లర్, చిన్న విద్యుత్ మోటారుతో చేత్తో తోసుకునే యంత్రాన్ని తయారుచేసి 1908లో పేటెంటు పొందారు. ఆ పేటెంటే తరువాత హూవర్ కుటుంబం చేతికి వెళ్లింది. ఉబ్బసం ఉన్న మనిషి తన బాధలోంచి కనిపెట్టిన యంత్రాన్ని, వందేళ్లు దాటాక ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇంట్లో ఒక విడిభాగం దొరకక మూలన పెట్టాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇంత వేగంగా తిరిగే ఆర్మేచరుకు కరెంటు అందించేది ఆ బొగ్గు ముక్కలే. మొదట్లో డైనమోలకు రాగి తీగల కుచ్చునే వాడేవారు. బ్రష్ అన్న పేరు అలా వచ్చిందే. రాగి మీద రాగి రాసుకుని రెండూ పాడవుతుంటే, 1880లలో బ్రిటన్‌లో జార్జ్ ఫోర్బ్స్ కార్బన్ వాడవచ్చని చూపించారు. తాను అరిగిపోతూ రాగిని కాపాడటమే కార్బన్ గుణం. మార్చుకోవడానికి వీలుండే చౌక భాగం అరగాలి, ఖరీదైన భాగం నిలవాలి అన్నది ఆ ఆవిష్కరణలో ఉన్న ఆలోచన. నేను నా వృత్తిలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు చూడలేదు. అలాంటి భాగాన్ని హోల్డరుతో సహా ప్లాస్టిక్ కవచంలో అతికించేసి, విడిగా అమ్మకుండా ఆపితే, ఆ ఆవిష్కరణ ప్రయోజనమే దెబ్బతింటుంది.

దీని తరువాత వచ్చిన ఇంకొక మంచి ఏర్పాటు, దానంతటదే ఆపేసే బ్రష్. కార్బన్ లోపల చిన్న స్ప్రింగునూ, దాని ముందు కరెంటు పారని ఒక మేకునూ అమరుస్తారు. బ్రష్ హద్దు దాకా అరగగానే ఆ మేకు బయటికి పొడుచుకు వచ్చి, కమ్యుటేటరు నుంచి బ్రష్‌ను పైకి ఎత్తుతుంది. మోటారు ఆగిపోతుంది, రాగికి గీత పడదు. చేతి పనిముట్లలో దశాబ్దాలుగా ఉన్న పద్ధతి ఇది. ఆ ఉపాధ్యాయురాలి మోటారులో ఇదే ఉంటే కమ్యుటేటరు మీద ఆ గీత పడేదే కాదు. పేటెంటుకు గడువు 20 ఏళ్లే కాబట్టి, గడువు తీరిన ఇలాంటి ఆవిష్కరణలను మన చిన్న పరిశ్రమలు ఎవరి అనుమతీ లేకుండా తయారుచేసుకోవచ్చు.

వాడేవారు తెలుసుకోవాల్సిన సంగతి కూడా ఒకటుంది. గొట్టంలో గుడ్డపీలిక ఇరుక్కున్నప్పుడు యంత్రం కీచుమని గట్టిగా అరుస్తుంది. మోటారు మీద భారం పెరిగి అలా అరుస్తోందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు: తోయడానికి గాలి లేక ఫ్యాను మీద భారం తగ్గి మోటారు మరింత వేగంగా తిరుగుతుంది, లాగే కరెంటు కూడా తగ్గుతుంది. అయినా మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఇళ్లలో వాడే చాలా యంత్రాల్లో పీల్చిన గాలే మోటారు మీదుగా వెళ్లి దాన్ని చల్లబరుస్తుంది. ఆ దారి మూసుకుంటే వైండింగ్ వేడెక్కుతుంది. అందుకే వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసే థర్మల్ కటౌట్ పెట్టారు. అది కరెంటు ఆపినప్పుడు యంత్రం పాడైందని కంగారుపడకుండా గొట్టం, ఫిల్టరు శుభ్రం చేసి, చల్లారేదాకా ఆగితే చాలు. కొందరు మా వృత్తివాళ్లే ఆ కటౌట్‌ను తీసేసి తీగ కలిపేస్తున్నారు. అలా చేయడం ఇంటికి నిప్పు పెట్టడంతో సమానమని తోటి పనివారికి మనవి చేస్తున్నాను.

నీళ్లను కూడా పీల్చే యంత్రాల్లో మోటారును చల్లబరిచే గాలికి వేరే ఫ్యాను, వేరే దారి ఉంటాయి. ఆ తేడా తెలియక మామూలు యంత్రంతో తడి నేల తుడిచి వైండింగ్ పోగొట్టుకున్నవారు నా దగ్గరికి ఏటా వస్తూనే ఉన్నారు.

ఇప్పుడు బ్రష్‌లే లేని మోటార్లు వస్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అవి గొప్ప యంత్రాలు. తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతం పెట్టి, బ్రష్ చేసే పనిని ఎలక్ట్రానిక్ బోర్డుకు అప్పగించారు. 2018లో వచ్చిన డైసన్ వీ10 మోటారు నిమిషానికి 1,25,000 చుట్లు తిరుగుతుంది. మన ఇళ్లలోని, బ్రష్ లేని మోటారుతో నడిచే బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్లలో పనిచేసే సూత్రం కూడా ఇదే. కానీ అరిగే భాగం లేకపోవడం వేరు, పాడయ్యే భాగం లేకపోవడం వేరు. బోర్డు మీద ఒక్క ముక్క పోయినా, దాన్ని జిగురులో ముంచి గట్టిపరచడం వల్ల మొత్తం మోటారు మార్చాల్సి వస్తోంది. ఐటీఐలలో వైండింగ్ ఎంత శ్రద్ధగా నేర్పుతారో, ఈ బోర్డుల మరమ్మతు కూడా అంతే శ్రద్ధగా నేర్పాలి. లేకపోతే మా తరువాతి తరానికి పని ఉండదు, జనానికి పని చేసిపెట్టేవారు ఉండరు.

యూరోపియన్ యూనియన్ 2013లో చేసిన నిబంధనల ప్రకారం వాక్యూమ్ క్లీనర్లు 2014 సెప్టెంబరు నుంచి 1,600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటకూడదు. మోటారు కనీసం 500 గంటలు పనిచేయాలి, గొట్టం 40,000 సార్లు వంచినా పనికిరావాలి. వారానికి గంట చొప్పున వాడితే 500 గంటలంటే దాదాపు పదేళ్లు. ఇక్కడ దుకాణాల్లో ఇప్పటికీ వాట్లు ఎక్కువుంటే పీల్చే బలం ఎక్కువని చెప్పి అమ్ముతున్నారు. వాట్లు చెప్పేది యంత్రం తినే కరెంటునే. ఫ్రాన్స్‌లో పరికరాల మరమ్మతు సౌలభ్యానికి పదికి ఇన్ని మార్కులని వేసి ధర పక్కనే చూపించాలన్న నియమం 2021లో మొదలైంది, 2022 నవంబరులో వాక్యూమ్ క్లీనర్లకూ వర్తించింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అలాంటి మార్కుల మరమ్మతు సూచీని ఇక్కడ ముందుగా మొబైల్ ఫోన్లకు, ట్యాబ్లెట్లకు పెట్టాలన్న ప్రతిపాదన 2025లో వచ్చింది. మోటారున్న గృహోపకరణాలను కూడా అందులో త్వరగా చేర్చాలని కోరుతున్నాను.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మోటారు మీద అంటించే చీటీలో బ్రష్ కొలతలు, దాని గ్రేడు (ఎంత గట్టిదో తెలిపే రకం), బేరింగు నంబరు అచ్చువేయాలి. చాలా మోటార్లలో ఉండేది ఎక్కడైనా దొరికే 608 బేరింగే. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, మందం 7. ఆ సంగతి తెలియక ఎందరో మోటారు మొత్తానికి డబ్బు కడుతున్నారు. బ్రష్‌లను జతలుగా విడిగా అమ్మాలి. స్క్రూ విప్పితే హోల్డరు బయటికి వచ్చేలా తయారుచేయాలి. కొలత సరిపోయినంత మాత్రాన ఏ బ్రష్ పడితే ఆ బ్రష్ పనికిరాదని కూడా కంపెనీలు చెప్పాలి: మరీ గట్టిదైతే రాగిని తినేస్తుంది, మరీ మెత్తదైతే నెలలకే పొడి అయిపోతుంది.

ఆ ఉపాధ్యాయురాలి మోటారుకు సరైన బ్రష్ తెనాలిలోనూ, విజయవాడలోనూ దొరకలేదు. డ్రిల్లింగ్ మిషన్ బ్రష్‌ను గరుకు కాగితం మీద రుద్ది కొలతకు తెచ్చి, కమ్యుటేటరును నునుపు చేసి, అదే రకం పాత మోటారును సిరీస్‌లో కలిపి సగం వోల్టేజి మీద అరగంట తిప్పాను. కొత్త బ్రష్ ముఖం రాగి వంపుకు కుదురుకోవాలంటే అలా చేయాలి. యంత్రం నడుస్తోంది. అయితే ఆ బ్రష్ గ్రేడు దానికి తగినది కాదని, ఆరు నెలలకోసారి తెచ్చి చూపించమని ఆమెకు చెప్పాను. సరైనది దొరికిన రోజున కబురు చేయడానికి ఆమె ఫోన్ నంబరు షాపు గోడమీద రాసుకున్నాను.

ఇట్లు,
మోటారు వైండింగ్ పనివాడు,
తెనాలి, గుంటూరు జిల్లా.