ఆదివారం ఫోన్ చెయ్యి

అమ్మడూ,

నీ గొంతు విని మూడు వారాలైంది. అమ్మ పైకి ఏమీ అనదు గానీ, ఫోన్ మోగితే చాలు చేతిలో పని వదిలేసి వస్తుంది. తమ్ముడికి కళ్లజోడు మార్పించాం. నువ్వూ ఒకసారి చూపించుకో, రాత్రిళ్లు చదివే అలవాటు నీకు ఎలాగూ పోదు.

క్వాంటం ఫిజిక్స్ పరీక్ష పేపర్ సగంలో వదిలేసి లేచి వచ్చేశావని చిన్నబాబాయి అన్నాడు. నిజమా అని నేను అడగను. బీరువా సర్దుతుంటే నా పాత పాఠాల నోట్సు దొరికింది, అందుకని రాస్తున్నానంతే.

అందులో ఎర్రసిరాతో ‘అనిశ్చితత్వ సూత్రం’ అని ఉంది. ఎలక్ట్రాన్‌ని చూడాలంటే దాని మీద కాంతి పడాలి, ఆ దెబ్బకు అది చెదిరిపోతుంది, అందుకే దాని స్థానం, ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవు అని ఏళ్ల తరబడి చెప్పాను. ఒకసారి వెనక బెంచీ పిల్ల లేచి, “దెబ్బ తగలకుండా చూసే పరికరం వస్తే తెలుస్తాయా సార్?” అంది. తెలియవన్నాను. ఎందుకంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తర్వాత వెతికితే తెలిసింది, ఈ సూత్రాన్ని మొదట చెప్పిన 1927 నాటి జర్మన్ వ్యాసంలో భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ ఒకే మాటకు కట్టుబడలేదని. ఒకచోట కచ్చితత్వం లేకపోవడం అన్నాడు, ఇంకోచోట నిర్ణయమై ఉండకపోవడం అన్నాడు. 1930లో ఆయన పుస్తకం ఇంగ్లీషులో వచ్చినప్పుడు ‘అన్‌సర్టెన్టీ’ అయింది, మన దగ్గరికి అనిశ్చితత్వంగా చేరింది. ఆ మాట వింటే లోపం మన తెలివిలోనో పరికరంలోనో ఉందనిపిస్తుంది. అసలు ఆ రెండు విలువలూ ఒకేసారి కచ్చితంగా ఉండే స్థితే లేదు. నేను చెప్పిన ఆ కాంతి కథలో లోపాన్ని తోటి శాస్త్రవేత్త బోర్ అప్పుడే పట్టుకున్నాడు, హైజెన్‌బర్గ్ అదే వ్యాసం చివర ఒప్పుకున్నాడు కూడా. పరుగున వెళ్లి ఆ పిల్లకి చెబుదామనుకున్నాను. అప్పటికే ఫిజిక్స్ తనవల్ల కాదని మానేసింది. ఇన్నేళ్లయినా ఆ ముఖం గుర్తొస్తుంది.

నీకు అర్థం కానిది ఫిజిక్సో, దానికి తగిలించిన మాటలో ముందు చూసుకో. ఎలక్ట్రాన్ గుణాల్లో ఒకటైన ‘స్పిన్’ పేరు వినగానే బొంగరం తలుచుకోకు. 1925లో ఆ ఆలోచన వచ్చినప్పుడు ఎలక్ట్రాన్ నిజంగానే తిరుగుతుందనుకున్నారు. ఆ బొమ్మ నిలవలేదు, పేరు మిగిలింది. ‘పరిశీలన’ అంటే ఎవరో కళ్లతో చూడనక్కర్లేదు, పరికరంలో దాని గుర్తు నమోదైతే చాలు. స్థానానికీ ద్రవ్యవేగానికీ లెక్కలో వాడే గుర్తులు, అంటే ఆపరేటర్ల వరుస మార్చి గుణించు, జవాబు మారుతుంది. ఆ అనిశ్చితత్వం అక్కడినుంచే వస్తుంది. ముందు ఆ లెక్క చేత్తో వెయ్యి. తర్వాత నీ మాటల్లో నువ్వే రాసుకో.

మళ్లీ పాఠం మొదలుపెట్టాను. బాబాయి సరిగా వినలేదేమో కూడా. వేళకు నిద్రపోతున్నావా? ఆదివారం ఫోన్ చెయ్యి. పేపర్ మాట ఎత్తను. అర్ధరాత్రి దాటినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

నాన్న