సైకిల్ లెక్కలోకి వచ్చింది, గొలుసు రాలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది తిరుపతి ఎం.ఆర్.పల్లె. హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంగ్లండ్‌లో మా పాప వాళ్ళింట్లో ఉండి వచ్చాను, వచ్చిన రోజు నుంచి పాల బూత్ దగ్గర, గుడి దగ్గర, ఎక్కడ కనబడినా జనం అడిగేది ఒకటే, "టీచరమ్మా, అక్కడ సేఫేనా? మా పిల్లను చదువుకు పంపించొచ్చా? కత్తులు పట్టుకుని తిరుగుతారంట కదా?" అని. ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి అడుగుతున్నారు, బిడ్డల్ని దూరం పంపేవాళ్ళకు ఆ భయం ఉంటుంది, తప్పు పట్టను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మీ పత్రికకు రాస్తే మేలనిపించింది, పైగా నేను చెప్పాలనుకున్నది ఆ ఊరి గురించి మాత్రమే కాదు.

మా పాప, అల్లుడు ఉండేది లండన్‌లో కాదు. వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, ష్రాప్‌షైర్ కౌంటీలో లడ్లో అని ఒక చిన్న ఊరు. జనాభా సుమారు 10 వేలు, మన దగ్గరైతే దాన్ని పెద్ద పంచాయతీ అంటాం. 900 ఏళ్ళ నాటి కోట, కోట ముందర సంత, కింద టీమ్ అనే ఏరు. చూడడానికి చాలా బాగుంటుంది. కానీ నిజం చెప్పాలంటే మొదట్లో నాకు అక్కడే ఎక్కువ భయమేసింది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, అయిదున్నరకల్లా అంగళ్ళు మూసేస్తారు, ఆ తర్వాత వీధిలో మనిషి కనబడడు. మన తిరుపతిలో రాత్రి రెండింటికి ఆర్టీసీ బస్టాండులో దిగినా టీ కొట్టు ఉంటుంది, ఆటోవాళ్ళు ఉంటారు, గుండు చేయించుకున్న పిల్లల్ని ఎత్తుకుని యాత్రికులు నడుస్తుంటారు, గోవిందరాజస్వామి గుడి వైపు ఎప్పుడూ అలికిడి ఉంటుంది, ఆ జనమే మనకు ధైర్యం. అక్కడ నిశ్శబ్దంలో నా చెప్పుల చప్పుడుకే నేను వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. అందుకే "ఇంగ్లండ్ స్వర్గం, మనది నరకం" అని రాయడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదని ముందే చెబుతున్నాను.

నవంబరులో ఒక రాత్రి మా అల్లుడి సైకిల్ ఇంటి పక్క షెడ్డులోంచి ఎత్తుకుపోయారు. ఆ అబ్బాయి పొద్దున లేచి, కాఫీ కూడా తాగకుండా, ఫోన్లోనే పోలీసులకు ఫిర్యాదు పెట్టాడు. అక్కడ ప్రాణం మీదికి వస్తే 999, అంత తొందర లేనిదైతే 101, లేదంటే ఆన్‌లైన్. సైకిల్ రంగు, ఫ్రేమ్ మీద నంబరు రాశాడు. కేసుకు ఒక రెఫరెన్స్ నంబరు వచ్చింది. కొన్నాళ్ళకు ఒక మెయిల్ కూడా వచ్చింది, విచారించాం, ఎవరో తెలియలేదు, కొత్త ఆధారం దొరికితే మళ్ళీ తెరుస్తాం అని. అంతే. సైకిల్ ఇప్పటికీ దొరకలేదు. నేను "ఇంతేనా మీ ఇంగ్లండ్ పోలీసులు" అన్నాను. అల్లుడు మాట్లాడలేదు. జనవరిలో ఒక రోజు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు, "అత్తా, చూడండి, మన సైకిల్" అని.

అది పోలీసుల వెబ్‌సైట్‌లో ఉండే నేరాల మ్యాప్. 2011 నుంచి ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికీ పెట్టారట. మన పిన్‌కోడ్ లాంటిది వాళ్ళకు పోస్ట్‌కోడ్, అది కొడితే మన వీధి వస్తుంది, ఏ నెలలో ఆ చుట్టుపక్కల ఏమేం జరిగాయో గుండ్రటి చుక్కల్లో కనిపిస్తుంది. ఇళ్ళల్లో దొంగతనం, బండి దొంగతనం, అంగడిలో దొంగతనం, సైకిల్ దొంగతనం, మత్తు పదార్థాలు, దాడులు, తాగి గొడవ చేయడం, ఇలా రకానికొకటి. ఒక్కో నేరం చివరికి ఏమైందో కూడా దాని కిందే రాసి ఉంటుంది. మా పాప వాళ్ళ వీధి పేరు పక్కన "ఈ వీధిలో లేదా దీనికి దగ్గరలో" అని ఒక సైకిల్ దొంగతనం, దాని కింద "దర్యాప్తు ముగిసింది, అనుమానితుడు తేలలేదు" అని. ఇల్లు ఫలానాదని తెలిసే వీలు లేదు, ఒక్కో చుక్క కింద కనీసం ఎనిమిది చిరునామాలు ఉండేట్టు చూస్తారు, లైంగిక నేరాలను దాడులతో కలిపి ఒకే రకంగా చూపిస్తారు, బాధితుల పరువుకు ఇబ్బంది రాదు. పోలీసులు తమ చేతకానిదాన్ని కూడా దాచకుండా ఊరందరికీ చూపించిన ఆ ఒక్క లైను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకో చెబుతాను.

పోయినేడాది శ్రావణంలో చిత్తూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళి సాయంత్రం బస్సులో తిరుపతికి వస్తున్నాను. కూర్చోడానికి సీటు లేదు. దిగాక చూసుకుంటే భుజానున్న బ్యాగు అడుగున బ్లేడుతో కోసి ఉంది, లోపల పర్సు లేదు. పర్సులో రెండున్నర సవర్ల బంగారు గొలుసు, మా అమ్మది. పోలీస్ స్టేషన్‌కు పోతే ముందు అడిగింది, "ఎక్కడ పోయిందమ్మా? చిత్తూరులోనా, పూతలపట్టు దగ్గరా, చంద్రగిరి దాటినాకా?" అని. నాకెలా తెలుస్తుంది? తెలిస్తే చెయ్యి పట్టుకునేదాన్ని కదా! 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆ దారి సగం చిత్తూరు జిల్లా, సగం తిరుపతి జిల్లా. మాది కాదంటే మాది కాదని రెండు చోట్ల తిప్పారు. ఆఖరికి ఒకాయన మంచిగానే, నా వయసు చూసి కుర్చీ వేసి మరీ, "కేసు అంటే కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందమ్మా, మీకెందుకు ఆ టెన్షన్, పర్సు పోగొట్టుకున్నానని రాసివ్వండి, దొరికితే ఫోన్ చేస్తాం" అన్నారు. రాసిచ్చాను. ఆ మాట నా చేత్తో నేనే రాశాను, "పోగొట్టుకున్నాను" అని. బ్యాగు కోసిన బ్లేడు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆలోచించండి సార్. ఆ రోజు చిత్తూరు, తిరుపతి దారిలో ఒక దొంగతనం జరిగింది, కానీ ఏ రికార్డులోనూ జరగలేదు. నాలాంటివాళ్ళు ఎంతమందో? తిరుమలకు రోజూ 60, 70 వేల మంది వస్తారు, బస్టాండులోనో క్యూలోనో పర్సు పోయినవాళ్ళు రాత్రి రైలుకు టికెట్ ఉంటే స్టేషన్ మెట్లు ఎక్కుతారా? స్వామి దర్శనం అయింది చాల్లే అని వెళ్ళిపోతారు. ఊళ్ళో దొంగతనాలు తగ్గాయని డిసెంబరు ఆఖర్లో ప్రెస్‌మీట్ పెట్టి శాతాలు చెబితే, మీ పత్రికే కదా వేసేది, అది చదివి నేను నమ్మాలా వద్దా? పెరిగాయి అంటే నేను వాదించను, తగ్గాయి అన్నా వాదించను, లెక్కలో వేయాల్సినవి వదిలేసి కూడిక చేస్తే వచ్చే మొత్తం మొత్తమే కాదని మా ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

అందుకే "ఇంగ్లండ్‌లో నేరాలు ఎక్కువంట కదా" అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇది, అక్కడ అంకెలు పెద్దగా కనబడడానికి రాసుకోవడం కూడా ఒక కారణం. సైకిల్ పోయినా రాస్తారు, అంగట్లో ఎవరైనా వస్తువు జేబులో వేసుకుపోయినా రాస్తారు. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో అంగళ్ళ దొంగతనాలే 5 లక్షల 30 వేలు నమోదయ్యాయి, రెండు దశాబ్దాల్లో అంత ఎప్పుడూ లేదు, అది నిజంగానే వాళ్ళను వేధిస్తున్న సమస్య. మన వాళ్ళకు ఇంకొకటి కూడా చెప్పాలి, భారతీయుల ఇళ్ళల్లో బంగారం ఉంటుందని అక్కడి దొంగలకు బాగా తెలుసు, దీపావళి రోజుల్లో నగలు ఇంట్లో పెట్టుకోవద్దని పోలీసులే హెచ్చరిస్తుంటారు, కాబట్టి పిల్లలకు నగలిచ్చి పంపకండి.

ఇంగ్లండ్ పోలీసులేదో పుట్టుకతోనే నిజాయితీపరులని కూడా అనుకోవద్దు. అక్కడా దాచారు. 2013లో ఒక కానిస్టేబులే పార్లమెంటు కమిటీ ముందుకొచ్చి, అంకెలు తగ్గించి చూపడానికి నేరాలను ఎలా చిన్నవి చేస్తున్నారో చెప్పాడు. 2014 జనవరిలో ప్రభుత్వ గణాంకాలను పర్యవేక్షించే సంస్థ పోలీసు లెక్కలకు ఉన్న అధికారిక ముద్రనే తీసేసింది. అదే ఏడాది పోలీసు తనిఖీ సంస్థ అక్కడి పోలీసు దళాలన్నింటి రికార్డులూ పరిశీలించి, జనం వచ్చి చెప్పిన నేరాల్లో 19 శాతం అసలు నమోదే కాలేదని, అంటే ఏడాదికి 8 లక్షలకు పైగా అని, రిపోర్టు అచ్చు వేసి బయటపెట్టింది. ఆ తర్వాత నమోదు మెరుగుపడింది, సహజంగానే అంకెలూ పెరిగాయి. పోలీసుల మాట మీదే ఆధారపడకుండా 1982 నుంచి ఎంపిక చేసిన ఇళ్ళకు పోయి "ఈ ఏడాది మీకేమైనా జరిగిందా, పోలీసులకు చెప్పారా" అని అడిగే సర్వే వేరే ఉంది. ఆ సర్వే ప్రకారం నేరాలు 1995 ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉండి, తర్వాత చాలా తగ్గాయి. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే ఒకదాని తప్పు ఇంకోటి పట్టిస్తుంది, లెక్కల టీచరుగా నాకు ఇది చాలా నచ్చింది.

మన దగ్గర చట్టం తక్కువైందా అంటే అదీ కాదు. పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే దర్యాప్తు చేయగల నేరం జరిగిందని చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితాకుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం అలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు దాన్ని, కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకపోతే ఎస్పీ గారికి రాతపూర్వకంగా పంపొచ్చు. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదు చేసినవాళ్ళకు చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. నా గొలుసు పోయేనాటికి ఇవన్నీ ఉన్నాయి. పూతలపట్టా చంద్రగిరా అని నన్ను అడగాల్సిన పనే లేదు. నాకు అప్పుడు తెలియదు, ఈ ఉత్తరం చదివేవాళ్ళకైనా తెలియాలని రాస్తున్నాను.

మన పోలీసులు ఏమీ చేయరని నేను అనను. ఊరెళ్ళేవాళ్ళు ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెబితే తాళం వేసిన ఇంట్లో ఉచితంగా కెమెరా పెడతారు, ఎవరైనా లోపలికి వస్తే కంట్రోల్ రూముకు తెలుస్తుంది, లడ్లో ఊర్లో ఈ మాట చెబితే మా పాప పక్కింటావిడ ఆశ్చర్యపోయింది. పోయిన ఫోన్లు వెతికి పిలిచి మరీ ఇస్తున్నారు. ఇంత చేసేవాళ్ళకు నెలకొక కాగితం బయటపెట్టడం కష్టమా? 2016లో సుప్రీంకోర్టు చెప్పాక ఎఫ్‌ఐఆర్‌లు, సున్నితమైనవి తప్ప, ఎలాగూ ఆన్‌లైన్‌లో పెట్టాలి. వాటినే స్టేషన్ల వారీగా, వీలైతే వీధుల వారీగా, అలిపిరిలో ఎన్ని, తిరుచానూరులో ఎన్ని, అందులో ఎన్ని తేలాయి, ఎన్ని తేలలేదు అని ఒక పట్టిక వేస్తే చాలు. ఢిల్లీ నుంచి వచ్చే నేరాల నివేదిక దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది, దాంట్లో మా వీధి ఉండదు. ఏ సందులో బండ్లు పోతున్నాయో తెలిస్తే అక్కడ దీపం వేయమని కార్పొరేషన్‌ను అడగొచ్చు. మా వీధి చివర దీపం వెలగక మూడు నెలలైంది, అడిగితే "ఏమైనా జరిగిందా ఏంటమ్మా ఇప్పుడు" అంటారు, జరిగిందో లేదో చూపించడానికి నా దగ్గర ఏముంది?

ఇంకో సంగతి, లెక్క లేని చోట పుకారు తిరుగుతుంది. మా వాట్సాప్ గ్రూపులో నెలకోసారి చెడ్డీ గ్యాంగ్ దిగింది అని పాత సీసీ కెమెరా వీడియో వస్తుంది, ఆ రాత్రి ఆడవాళ్ళెవరూ నిద్రపోరు, పొద్దున గేటు ముందు పాత బట్టలు అమ్మేవాడో, ఏ ఊరివాడో అమాయకుడు దొరికితే నలుగురు చుట్టుకుంటారు. ఇది నేను కళ్ళారా చూశాను. ఆ మనిషి చేతులు జోడించి ఆధార్ కార్డు చూపించాడు.

మీ పత్రిక జిల్లా పేజీలో రోజూ నేరం వార్త ఉంటుంది, గొలుసు లాగిన చోటు, చచ్చినవాళ్ళ ఫొటో కూడా వేస్తారు. నెలకొకసారి ఆ పేజీలో పావు వంతు ఈ పట్టికకు ఇవ్వండి. పోలీసులు ఇవ్వకపోతే అడిగాం, ఇవ్వలేదు అని వేయండి, మరుసటి నెల కూడా వేయండి.

నేను ఈ సోమవారం ఎస్పీ గారి ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్తున్నాను. కోసిన బ్యాగు దాచిపెట్టాను, అదీ తీసుకెళ్తాను. "పోగొట్టుకున్నాను" అని రాసిన కాగితం జిరాక్సు వెనకాల, "దొంగిలించారు" అని ఈసారి సరిగ్గా రాసుకున్నాను. ఎఫ్‌ఐఆర్ నంబరు ఇస్తే మీకు రాస్తాను. ఇవ్వకపోయినా రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ టీచర్,
ఎం.ఆర్.పల్లె, తిరుపతి