ఇన్‌కమింగ్‌కు ఏడాది పొడవునా అద్దె కట్టాలా?

సంపాదకుల వారికి,

దేశంలో మొబైల్ కనెక్షన్లు 115 కోట్లు దాటాయని, 5జీ జిల్లా కేంద్రాలను దాటి పల్లెల దాకా వస్తోందని పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. టెలిఫోన్ శాఖలోనూ, ఆ తర్వాత దాని నుంచి ఏర్పడిన ప్రభుత్వ సంస్థలోనూ పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక ఈ ఎదుగుదల నాకు సంతోషమే. అయితే ఈ లెక్కల్లో ఎక్కడా విడిగా కనబడని ఒక వర్గం ఉంది. వాళ్ళు ఫోన్ చేసేది తక్కువ. వచ్చిన కాల్ ఎత్తడానికి, బ్యాంకు ఓటీపీ చూసుకోవడానికి మాత్రమే సిమ్ పెట్టుకున్నవాళ్ళు. ఈ ఉత్తరం వారి గురించే.

1994లో జాతీయ టెలికం విధానం ప్రకటించేనాటికి మన దేశంలో నూరుమందికి ఒక్క ఫోన్ కూడా లేదు. ఆ విధాన పత్రమే ఈ సంఖ్యను 0.8 అని ఒప్పుకుంది. మరుసటి ఏడు జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన తొలి మొబైల్ కాల్ నాటికి, వచ్చిన కాల్‌కు కూడా నిమిషాల లెక్కన డబ్బు పోయేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక గానీ సెల్‌ఫోన్ సామాన్యుడి చేతికి రాలేదు. 2005 చివర్లో కంపెనీలు 999 రూపాయలకు 'లైఫ్‌టైమ్' సిమ్‌లు అమ్మాయి, తర్వాత ఆ ధర ఇంకా దిగింది. ఒకసారి కొంటే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉంటుందన్న ఆ మాట మీదనే లక్షలాది పల్లె కుటుంబాలు తొలిసారి ఫోన్ కొన్నాయి. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేయడం మనకు అలవాటయిందీ అప్పుడే.

ఆ మాట ఎందుకు నిలబడలేదో చెప్పాలంటే జనానికి పెద్దగా తెలియని ఒక లెక్క విప్పాలి. ఒక కంపెనీ నంబరు నుంచి మరో కంపెనీ నంబరుకు కాల్ వెళ్తే, చేసినవారి కంపెనీ అందుకున్నవారి కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టేది. శాఖలో దీన్ని ఐయూసీ అనేవాళ్ళం. 2009లో ఇది 20 పైసలు, 2015లో 14 పైసలు, 2017 అక్టోబరులో 6 పైసలు. 2021 జనవరి 1 నుంచి సున్నా. అంటే లైఫ్‌టైమ్ సిమ్ కొన్న కూలీ నెలకు ఒక్క కాల్ చేయకపోయినా, పట్నంలోని కొడుకు ఆయనకు చేసిన కాల్ మీద ఆయన కంపెనీకి పైసలు ముట్టేవి. ఐయూసీ తగ్గుతూ పోయేసరికి అదే కూలీ కంపెనీకి బరువయ్యాడు. 2016 సెప్టెంబరులో జియో రాక తర్వాత ధరల పోటీలో కొన్ని కంపెనీలు మూతబడి, కొన్ని విలీనమై, ఒకనాడు రాష్ట్రమంత ఉండే ఒక్కో టెలికం సర్కిల్‌కు పది పన్నెండు కంపెనీలున్న రంగం మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక ప్రభుత్వ సంస్థగా మిగిలింది. 2018 చివర్లో నెలకు 35 రూపాయల కనీస రీఛార్జ్ మొదలయింది. అది కాలక్రమంలో 99 అయింది, 155 అయింది; 2024 జూలై పెంపు తర్వాత 28 రోజులకు రెండు వందలకు అటూఇటూగా నిలిచింది. పైగా నెలకు 28 రోజులన్న లెక్క మన రీఛార్జ్ పంచాంగంలోనే ఉంది, ఏడాదికి పదమూడు నెలలు తేలుతాయి.

మా కరీంనగర్ జిల్లాలో వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆసరా పింఛన్లు పడ్డ వారంలో ఏ రీఛార్జ్ దుకాణం ముందు నిలబడినా సంగతి అర్థమవుతుంది. బ్యాటరీ మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసిన కీప్యాడ్ ఫోన్‌ను బల్ల మీద పెట్టి, కొంగుముడి విప్పుతున్న ముసలమ్మకు దుకాణం పిల్లవాడు ఆ ప్యాక్‌లో నెట్ కూడా వస్తుందని చెప్తున్నాడు. "నెట్ నాకెందుకు బిడ్డా, ఫోన్ మోగితె సాలు" అన్నదామె. 2019లో 2,016 రూపాయలు చేసిన పింఛనులో దాదాపు పదో వంతు ఆ ఫోన్ మోగడానికే పోతుంది. ఆమె కొడుకు దుబాయిలో ఉన్నాడు. అన్నట్టు, విదేశం నుంచి వచ్చే కాల్ మీద మన కంపెనీలకు ఇప్పటికీ సొమ్ము వస్తూనే ఉంది. ఐయూసీ సున్నా అయింది దేశీయ కాల్స్‌కే.

టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏమీ చేయలేదనను. ప్రీపెయిడ్ ఖాతాలో 20 రూపాయలుంటే వాడకపోయినా నంబరు రద్దు చేయరాదన్న నిబంధన 2013 నుంచి ఉంది. కానీ నంబరు బతికి ఉండడం వేరు, దానికి కాల్ రావడం వేరు. ప్యాక్ అయిపోయిన కొద్ది రోజులకే ఇన్‌కమింగ్ ఆగిపోతుంది. 2024 డిసెంబరులో డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్ ఒక్కటైనా ఉండాలని ఆదేశించింది. మంచి ఆదేశమే. ధర మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలింది. దాంతో 84 రోజులకు నాలుగు వందల పైచిలుకు, ఏడాదికి రెండు వేలకు దగ్గరగా ఉండే ప్యాక్‌లు వచ్చాయి. మోగితే చాలనుకునే ఫోన్‌కు అపరిమిత కాల్స్ ఎందుకు?

నేను అడిగేది ఒక్కటే. ఇన్‌కమింగ్ కాల్స్, ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు మాత్రమే వచ్చే ఏడాది ప్యాక్‌ను ప్రతి కంపెనీ తప్పనిసరిగా ఇవ్వాలి, దాని గరిష్ఠ ధరను ట్రాయ్ నిర్ణయించాలి. అధికారం లేదనడానికి వీల్లేదు: రోమింగ్ ఛార్జీలకు గరిష్ఠ పరిమితి పెట్టిందీ, నెట్ లేకుండా కోడ్ నొక్కి బ్యాంకు సేవలు పొందే యూఎస్ఎస్‌డీ ఛార్జీని 2022లో సున్నా చేసిందీ ట్రాయే. ఐయూసీని ఎత్తివేసిందీ ఆ సంస్థే కనుక, దాని పర్యవసానాన్ని చూసుకోవలసిన బాధ్యత కూడా దానిదే.

స్పెక్ట్రం (రేడియో తరంగాల) బాకీలు, ఆదాయంలో వాటాగా ప్రభుత్వానికి కట్టాల్సిన ఏజీఆర్ బకాయిలు, టవర్ల ఖర్చు కంపెనీలకు నిజంగానే ఉన్నాయి. రోజుకు రెండు జీబీ వాడేవారి దగ్గర వాళ్ళు ధర పెంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇన్‌కమింగ్ ప్యాక్ వల్ల లోటు వస్తుందంటే, కంపెనీల ఆదాయం నుంచే వసూలై డిజిటల్ భారత్ నిధిలో చేరుతున్న సొమ్ము ఉంది. టవర్ లేని ఊళ్ళో టవర్ వేయడానికి ఆ నిధిని వాడుతున్నప్పుడు, టవర్ ఉన్నా సిమ్ మూగబోయినవారికి వాడకూడదా? బీఎస్ఎన్ఎల్‌కు మారమని సలహా ఇచ్చేవారున్నారు. 2024 పెంపు తర్వాత లక్షల మంది మారారు కూడా. ప్రైవేటు కంపెనీలు 2022 అక్టోబరులోనే 5జీ మొదలుపెడితే, బీఎస్ఎన్ఎల్ 4జీని దేశమంతటా లాంఛనంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరులో. సిగ్నల్ చాలని ఊళ్ళలో ఆ సలహా ఎవరికీ అక్కరకు రాదు.

2025 మధ్యనాటికి కూడా పల్లెల్లో నూరుమందికి అరవై కనెక్షన్లయినా లేవు. పట్టణాల్లో నూట ముప్పైకి అటూఇటూ ఉన్నాయి. పల్లెల్లో కొత్త సిమ్‌లతో కలిపి కనెక్షన్లు ఎన్ని ఉన్నాయో ప్రతి నెలా ప్రకటించే ట్రాయ్, రీఛార్జ్ చేయించుకోలేక మూగబోయిన సిమ్‌లు ఎన్నో కూడా జిల్లాలవారీగా ప్రకటించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత టెలికం ఉద్యోగి,
కరీంనగర్ జిల్లా