లైన్ నెమ్మదిస్తే బిల్లు ఎవరికి?

సంపాదకుడు గారికి,

మొబైల్ డేటాకు వాడినంత లెక్కన వసూలు చేయడమే న్యాయమని, తక్కువ వాడేవాళ్లకు అదే మేలనే వాదన ఈమధ్య తరచూ వినిపిస్తోంది. కరెంటుకు మీటరు ఉన్నప్పుడు డేటాకూ ఉంటే తప్పేంటని అడిగేవాళ్లూ ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ గంటల లెక్కన ఇంటర్నెట్ కొనుక్కున్న రోజులు చూసినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలి.

1999లో ఓ ప్రైవేటు కంపెనీ దగ్గర వంద గంటల ప్యాక్ కొన్నాను. ఫోన్ లైన్‌కు తగిలించిన మోడెం కీచుమని అరిచి కనెక్టయ్యాక ఒక్క ఫొటో పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. సగం దిగేలోపు లైన్ కట్. ఆ నిమిషాలన్నీ నా ఖాతాలోనే పడేవి, ఫోన్ బిల్లు వేరే. అందుకే మెయిల్ ముందే టైపు చేసి పెట్టుకుని, కనెక్టయి, పంపేసి, వెంటనే కట్ చేసేవాళ్లం. లైన్ ఎంత నత్తనడక నడిస్తే ప్యాక్ అంత త్వరగా అయిపోయేది. మళ్లీ కొనేది మేమే. ఇక బాగుచేయాలన్న తొందర కంపెనీకి ఎందుకుంటుంది?

అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ అప్పటికే ఈ దశ దాటింది. నెలకు 5 గంటలకు 9.95 డాలర్లు, ఆపైన గంటకు 2.95 చొప్పున తీసుకునే ఆ సంస్థ, పోటీకి తలొగ్గి 1996 డిసెంబర్ 1 నుంచి ఎంత వాడినా నెలకు 19.95 డాలర్లే అంది. అక్కడ చాలాచోట్ల లోకల్ కాల్‌కు నిమిషాల లెక్క లేదు, దాంతో కనెక్టయినవాళ్లు లైన్ వదల్లేదు. మిగతావాళ్లకు ఎంగేజ్ టోనే గతి. చివరికి పలు రాష్ట్రాల అటార్నీ జనరల్స్ నిలదీస్తే 1997 జనవరిలో కస్టమర్లకు డబ్బు వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. నెట్‌వర్క్ పెంచడానికి 35 కోట్ల డాలర్లు పెడతామంది. ఎంత వాడినా ఒకే ధర అనే ఫ్లాట్ రేటు పనికిరాదనడానికి దీన్నే ఉదాహరణగా చూపిస్తారు. నాకైతే రివర్సులో కనిపిస్తుంది. లైన్ దొరక్కపోతే నష్టం కంపెనీ జేబుకు తగిలింది, అందుకే కదిలింది.

ఇప్పుడు గంటల బదులు జీబీలు. వార్త చదువుదామని పేజీ తెరిస్తే అడక్కుండానే ప్రకటన వీడియో ఆడుతుంది. మీటరు పెడితే ఆ ఎంబీలకు డబ్బు కట్టేది ఎవరు? పేరుకు అన్‌లిమిటెడ్ అంటున్న ప్లాన్లలోనూ రోజుకు 1.5 జీబీ, 2 జీబీ అని గీత గీసి, మిగిలింది అర్ధరాత్రికి మాయం చేస్తున్నారు. వాడినదానికే డబ్బు అనేవాళ్లు, వాడనిదానికి ఎందుకు తీసుకుంటున్నట్టు?

కంపెనీలకు తక్కువ వాడేవాళ్ల మీద అంత ప్రేమే ఉంటే, మా అమ్మలాగా ఫోన్ మాట్లాడటం తప్ప మరేమీ చేయనివాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మీటరు పెట్టి తీరతామంటే, ముందు మిగిలిన డేటా వచ్చే నెలకు కలిపేలా, చెప్పిన స్పీడు రాని రోజుకు బిల్లులో కోత పడేలా ట్రాయ్ నిబంధన పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ