పోయేటప్పుడు కూడా వేలిముద్ర వేయించండి

సంపాదకులకు నమస్కారం.

కడప వై.వి. స్ట్రీట్‌లో ఒక బట్టల షాపులో పట్టుచీరల కౌంటర్ నాది. పని గంటల మీద ఎవరు రాసినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గురించే రాస్తున్నారు. వారానికి డెబ్బై గంటలు పని చేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నప్పుడు దేశమంతా గొడవైంది. మా కౌంటర్లలో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మాకది కొత్త సంగతా ఏమన్నానా!

పొద్దున తొమ్మిదిన్నరకు లోపల ఉండాలి. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించుతారు. మధ్యలో అన్నానికి అరగంట, అదీ బేరం లేకపోతేనే. అంటే రోజుకు 11 గంటలు, ఆరు రోజులకు 66. షట్టర్ దించితే పని అయిపోయిందనుకోకండి. పెళ్ళి బేరం వచ్చిందంటే పరుపు మీద చీరల గుట్ట పడుతుంది. అందులో రెండో మూడో తీసుకుంటారు. ఒక్కోసారి అవీ తీసుకోకుండా, ప్రొద్దుటూరులో కూడా చూసి వస్తామని లేచిపోతారు. మిగతావన్నీ జరీ నలగకుండా పాత మడతలోనే మడిచి, పెట్టెల్లో సర్ది, స్టాక్ లెక్క ఒప్పజెప్పి కదలాలి. ఆ సమయం ఎక్కడా రాయరు.

ఎందుకు రాయరంటే, మా వేలిముద్ర మెషీన్ పొద్దున మాత్రమే పని చేస్తుంది. పది నిమిషాలు లేటయితే అరపూట జీతం కోత. పోయేటప్పుడు కూడా వేస్తామంటే, ‘ఎందుకమ్మా, మీ మీద నమ్మకం లేకనా’ అంటాడు సూపర్‌వైజర్.

ఓనరు దగ్గర ఇంకో లెక్క ఉంది. మూఢంలో బేరాలు ఉండవు, ఊరికే నిలబడినా జీతం ఇస్తున్నాను, ఏడాది మొత్తం మీద సగటు చూస్తే మీరు పని చేసేది ఎనిమిది గంటలే అంటాడు. బేరం లేదని మధ్యాహ్నం మూడింటికి ఎప్పుడైనా ఇంటికి పంపాడా? దుకాణాలు, ఆఫీసుల పని గంటల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే ఒక ఒడంబడిక చేసింది. ఉద్యోగి యజమాని ఆధీనంలో ఉన్న సమయమంతా పని గంటలేనని అందులో ఉంది. లా చదువుతున్న మా అక్క కొడుకు చూపించాడు. అయినా ఒకప్పుడు ఆషాఢం మాకు కాస్త ఊపిరి తీసుకునే నెల. ఆషాఢం ఆఫర్లు మొదలయ్యాక అదీ పోయింది. వెంటనే శ్రావణం, వరలక్ష్మీ వ్రతం, ఆ తర్వాత దసరా. సీజన్‌లో ఆదివారం సెలవు కూడా ఉండదు, అప్పుడు వారానికి 77 గంటలవుతాయి.

నిజానికి ఖాళీ గంటలే ఎక్కువ కష్టం. బేరం ఉంటే కాళ్ళ నొప్పి తెలియదు. లేనప్పుడు కూర్చుందామంటే స్టూల్ ఉండదు, కెమెరాలో చూసి కేకేస్తారు. బట్టల షాపుల ఆడవాళ్ళు పోరాడాక కేరళలో 2018లో కూర్చునే హక్కును చట్టంలో చేర్చారు. 2021లో తమిళనాడు కూడా చేర్చింది.

మన రాష్ట్రంలో దుకాణాల చట్టం 1988 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48 అని ఉండేది. 2025లో రోజు పని 10 గంటల దాకా పెంచారు, వారానికి 48 మాత్రం అట్లే ఉంచారు. మా ఓనరుకు పది అన్న మాట బాగా వినబడింది, నలభై ఎనిమిది వినబడలేదు. రోజుకు పది గంటలు చేయిస్తే ఐదో రోజు ముగిసేలోపే 48 నిండిపోతాయి. ఆపైన చేయించే ప్రతి గంటకూ రెట్టింపు కూలి ఇవ్వాలి. ఓటీ (ఓవర్‌టైమ్) అన్న మాట మా షాపులో ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

ఇంకొక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. పొద్దున చెన్నూరు నుంచి ఉచితంగానే వస్తాను. రాత్రి సర్దుడు ముగించి వచ్చేసరికి బస్సు ఉండదు, షేర్ ఆటోకు డబ్బు పెట్టుకోవాల్సిందే. మీకు నవ్వులాటగా ఉండొచ్చు, మా జీతాలకు అది చిన్న ఖర్చు కాదు.

కార్మిక శాఖ వారిని నేను అడిగేది ఒక్కటే. షాపుకు వచ్చినప్పుడు ఓనరు చూపించే రిజిస్టర్‌లో సంతకాలు చూసి వెళ్ళిపోకండి. రాత్రి పోయేటప్పుడు కూడా వేలిముద్ర వేయించండి, ప్రతి నెలా ఆ గంటల లెక్క జీతం చీటీ మీద రాయించండి. మెషీన్ ఎలాగూ ఉంది, కొత్తగా కొనాల్సిన పని లేదు. ఆ కాగితం చేతికొస్తే ఎవరికి ఎంత ఓటీ రావాలో మేమే కూడి చూపిస్తాం.

నా పేరు వేయవద్దని మనవి.

– ఒక సేల్స్ ఉద్యోగిని, చెన్నూరు, కడప జిల్లా